ఒక్క వంట, ఆరు కంచాలు: తలా ఒక తిండి ఉన్న ఇంట్లో ముప్పావు గంటలో రాత్రి భోజనం

"మామయ్యకి షుగర్, బీపీ. అత్తయ్యకి శనివారం. పాప కూరముక్క కనిపిస్తే కంచం తోసేస్తుంది. పెద్దవాడికి గుడ్డు లేకపోతే ముద్ద దిగదు. ఆయనేమో రాత్రిపూట అన్నం మానేశారు. ఏడింటికి ఇల్లు చేరి నేనేం వండాలి?" వేరే వేరే మాటల్లో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. కొత్త వంటకాల పేర్లు చెబితే ఇది తీరదు. ఆ ఇంట్లో అందరికీ పనికొచ్చే వంటకం అంటూ ఒకటి లేదు.

తలా ఒక కూర వండితే రెండు వారాల్లో విసుగొస్తుంది. అందరికీ ఒకటే పెడితే ఎవరో ఒకరు పెరుగన్నంతో లేచిపోతారు. పనిచేసే పద్ధతి ఒకటుంది. వంట ఒక్కటే మొదలుపెట్టి, చివర్లో విడదీయడం. గరిటె ఎక్కడ ఆపి ఎవరి వాటా పక్కకు తీయాలో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగానికి ముందస్తు ఏర్పాట్లు కావాలి.

## 1. ముందు ఇంటి కాగితం రాయండి

వంటగదిలోకి వెళ్లేముందు ఒక కాగితం తీసుకుని ఇంట్లో ఒక్కొక్కరి పేరూ రాయండి. పక్కన మూడు గడులు గీయండి.

- తినకూడదు: అలర్జీ, డాక్టరు వద్దన్నవి. ఇందులో బేరం లేదు.
- తినరు: శాకాహారం, వ్రతం, మాల, వారం, ఉల్లి-వెల్లుల్లి మానడం. ఇందులోనూ బేరం లేదు. కాకపోతే వీటికి రోజులుంటాయి, ముందే తెలుస్తాయి.
- నచ్చదు: వంకాయ జిగురు, బెండకాయ బంక, కరివేపాకు పంటికి తగలడం లాంటివి. సర్దుబాటుకు చోటున్నది ఈ గడిలోనే.

చాలా ఇళ్లలో చిక్కు ఎక్కడొస్తుందంటే, మూడో గడిలోవి మొదటి గడిలోకి ఎక్కేస్తాయి. పాపకి కాకరకాయ నచ్చకపోవడం, పాపకి వేరుశనగ పడకపోవడం ఒకటి కాదు. రెండింటికీ ఒకే హడావిడి పడితే వండేవాళ్లు అలిసిపోతారు, అసలు జాగ్రత్త పడాల్సిన చోట ఏమరుపాటు వస్తుంది.

రాసేటప్పుడు ఇవి అడిగి తెలుసుకోండి:

- [ ] వారం పాటించేవాళ్లు ఆ రాత్రి అన్నం తింటారా, టిఫినేనా?
- [ ] ఆ రోజు ఉల్లి కూడా మానేస్తారా, మాంసం మాత్రమేనా?
- [ ] "షుగర్ తిండి" అంటే డాక్టరు అసలు ఏం చెప్పారు? అన్నం మానమన్నారా, తగ్గించమన్నారా?
- [ ] మాంసం వండిన గిన్నె, గరిటె పెద్దవాళ్లకు అభ్యంతరమా?
- [ ] పిల్లలు ఎప్పుడూ కాదనకుండా తినేవి ఏవి? కనీసం నాలుగు పేర్లు.

ఈ చివరి ప్రశ్నకు జవాబు తప్పకుండా రాయండి. పిల్లలు తినని వాటి చిట్టా అందరికీ కంఠతా వస్తుంది. తినేవి రాయమంటే మాత్రం కలం ఆగుతుంది.

## 2. ఎక్కడ చీల్చాలో తేల్చుకోండి

అసలు పని ఇక్కడుంది. ఒకసారి వేశాక వెనక్కి తీయలేనివి వంటలో కొన్నే: ఉప్పు, పులుపు, కారం, వెల్లుల్లి, ఉల్లి, గుడ్డు, మాంసం. వాటిని వేసేముందు ఆగి, అవి వద్దనేవాళ్ల వాటా తీసేస్తే సరి. మన వంటలో సౌకర్యం ఏంటంటే రుచి చాలావరకు చివర్లో, పోపు దగ్గర చేరుతుంది. కాబట్టి చివరిదాకా చప్పగా నడిపించవచ్చు.

### పప్పుతో చూద్దాం

ఆరుగురికి ఒక కప్పు కందిపప్పు, రెండు చిన్న కట్టల పాలకూర చాలు. మామూలుగా పప్పు, ఆకు, పచ్చిమిర్చి, టమాటా అన్నీ కలిపి కుక్కర్‌లో పడేస్తాం. చీల్చాలంటే ఆ అలవాటు మానుకోవాలి.

1. కందిపప్పును పసుపు, రెండు చుక్కల నూనెతో మాత్రమే ఉడికించండి. ఉప్పు వేయొద్దు.
2. పక్క పొయ్యి మీద బాణలిలో పాలకూర, చీల్చిన పచ్చిమిర్చి, కొద్దిగా చింతపండు గుజ్జు మగ్గనివ్వండి. ఏడెనిమిది నిమిషాల పని.
3. పప్పు మెత్తగా మెదిపి, మొదట ఆగండి. పాపకి ఒక చిన్న గిన్నెడు ముద్దపప్పు తీయండి. చిటికెడు ఉప్పు, నెయ్యి. అంతే.
4. మిగిలిన పప్పును ఆకులో కలిపి, వేయాల్సిన ఉప్పులో సగమే వేయండి. రెండోసారి ఆగండి. బీపీ ఉన్నవాళ్ల వాటా తీయండి.
5. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టండి. అందులో ఒక చెంచాడు బీపీ వాళ్ల గిన్నెలో వేస్తే వాళ్లకీ వాసన దక్కుతుంది. మిగతాది పప్పులో కలపండి.
6. మిగతా ఉప్పు వేయండి. వెల్లుల్లి తినని వాళ్లుంటే మూడోసారి ఆగండి, వాళ్లకు తీయండి. తర్వాత దంచిన వెల్లుల్లి రెబ్బలు అరచెంచా నెయ్యిలో ఎర్రగా వేయించి మిగిలిన పప్పులో వేయండి.

చదవడానికి పొడుగ్గా ఉంది గానీ అదనంగా పట్టేది ఐదు నిమిషాలే. మూడు చిన్న గిన్నెలు పొయ్యి పక్కన ముందే పెట్టుకుంటేనే ఇది జరుగుతుంది. గిన్నె కనబడకపోతే ఆగడం మర్చిపోతాం.

### టమాటా గ్రేవీ

ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, టమాటా, పసుపు, ఉప్పు వేసి నూనె తేలేదాకా వేయించిన గ్రేవీ ఒకటి చేసుకోండి. కారం, మసాలా పొడులు వేయకముందు పిల్లల వాటా తీసి, అందులో ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు వేయండి. కారం వేశాక రెండుగా విడదీయండి. ఒక దాంట్లో ఉడికించి గాట్లు పెట్టిన గుడ్లు, ఇంకో దాంట్లో ఉడికించిన సొరకాయ ముక్కలో, పనీరో, బఠాణీలో. ఐదు నిమిషాలు మరిగితే రెండు కూరలు తయారు.

ఒక చిక్కుంది. ఇందులో ఉల్లి మొదట్లోనే పడుతుంది, చివర్లో చీల్చడం కుదరదు. ఇంట్లో ఎవరైనా ఉల్లి మానే రోజున ఈ గ్రేవీ పెట్టుకోవద్దు. ఆ రోజు పప్పు, చారు, పెరుగు పచ్చడి లాంటివి వండుకుని, ఉల్లి కావాల్సిన వాళ్లకు పచ్చి ముక్కలో, వేయించిన ముక్కలో పక్కన పెట్టండి.

### పెసరట్టు

ఈ పద్ధతికి అచ్చంగా సరిపోయే వంట ఇది. పొద్దున పెసలు నానబోసి వెళ్తే సాయంత్రానికి రుబ్బుకోవచ్చు, పులియబెట్టే పని లేదు. ముందు జీలకర్ర, కొద్దిగా ఉప్పుతో రుబ్బి పిల్లల పిండి తీసేయండి. తర్వాత అల్లం, పచ్చిమిర్చి వేసి ఇంకో తిప్పు తిప్పండి. ఇక అట్టు అట్టుకీ చీలికే: ఒకదాని మీద ఉల్లి, ఒకదాని మీద ఏమీ ఉండదు, పెద్దవాడి అట్టు మీద గుడ్డు కొట్టి పరవడం. బియ్యం కలపకపోతే షుగర్ ఉన్నవాళ్లకూ బాగుంటుంది. గోధుమ పడనివాళ్లకు కూడా ఇబ్బంది లేదు, లోపల బొంబాయి రవ్వ ఉప్మా పెట్టనంత వరకు.

గోధుమ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావాటిలో గోధుమపిండి కలుస్తుంది. గ్లూటెన్ పడనివాళ్లు ఇంట్లో ఉంటే డబ్బా మీద చిన్న అక్షరాలు చదివి కొనండి.

## 3. వారం పట్టిక: వంటకాలు కాదు, చట్రం

"సోమవారం బెండకాయ వేపుడు" అని రాసుకుంటే ఆ రోజు బెండకాయలు ముదిరినవి దొరికాయనుకోండి, పట్టిక తప్పుతుంది. చట్రం రాసుకుంటే తప్పదు.

- సోమ: పప్పు + ఒక వేపుడు. గుడ్డు కావాల్సిన వాళ్లకు ఆమ్లెట్.
- మంగళ: చారు + పొడికూర. చాలా ఇళ్లలో మాంసం ముట్టని రోజు, కాబట్టి చీలిక తక్కువ.
- బుధ: టమాటా గ్రేవీ, రెండు రకాలుగా.
- గురు: పెసరట్టు లేదా చపాతీ రోజు. అన్నం మానేసినవాళ్ల కోసం వేరే వండకుండా ఆ రోజు అందరికీ అదే.
- శుక్ర: పులగం లేదా కిచిడీ. పక్కన పచ్చడి, పెరుగు.
- శని: అందరికీ టిఫిన్.
- ఆది: మధ్యాహ్నం కోడికూర ఎలాగూ పెద్ద వంటే. రాత్రికి చారు, పెరుగు, మిగిలిన కూర.

శనివారం ఒంటిపూట ఉండేవాళ్లు రాత్రి అన్నం ముట్టరు, ఇడ్లీనో ఉప్మానో తింటారు. వాళ్లకు టిఫిన్, మిగతావాళ్లకు అన్నం, కూర అని రెండు వంటలు పెట్టుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. ఎందుకంత కష్టం? ఆ ఒక్కరి నియమాన్నే ఆ రాత్రికి ఇంటి వంటగా చేసేయండి. పిల్లలు ఇడ్లీకి కాదనరు. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇడ్లీలు తగ్గించి, సాంబారులో ముక్కలు ఎక్కువ వేసి ఇవ్వాలి.

ఇంట్లో ఎవరైనా అయ్యప్ప మాల వేసుకుంటే ఆ 41 రోజులూ చీలిక గురించి ఆలోచించనే వద్దు. చాలా ఇళ్లలో చేసినట్టు ఇంటిల్లిపాదికీ ఉల్లి, వెల్లుల్లి లేని శాకాహారమే పెట్టేయడం సుఖం. గుడ్డు, మాంసం మీద మనసున్నవాళ్లు మధ్యాహ్నం బయట తినొస్తారు.

## 4. ఆదివారం గంటన్నర పని

వారం మధ్యలో వంట ఆలస్యమయ్యేది పొయ్యి దగ్గర కాదు. వెల్లుల్లి ఒలవడం, ఆకు ఏరడం, చింతపండు పిసకడం దగ్గర.

- [ ] చింతపండు వేడినీళ్లలో నానబెట్టి చిక్కటి గుజ్జు తీసి, ఒకసారి మరిగించి, చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో.
- [ ] అల్లం వెల్లుల్లి ముద్ద, కొద్దిగా ఉప్పు వేసి. వారానికి సరిపడా మాత్రమే. ఫ్రిజ్ బయట ఉంచొద్దు.
- [ ] వెల్లుల్లి లేని అల్లం-పచ్చిమిర్చి ముద్ద చిన్న డబ్బాలో విడిగా.
- [ ] ఆకుకూరలు ఏరి, కడగకుండా, పొడి గుడ్డలో లేదా కాగితంలో చుట్టి. వండేరోజే కడగాలి.
- [ ] కందిపొడి లేదా పుట్నాల పొడి ఒక సీసా. పిల్లలకు కారం తక్కువది ఇంకో చిన్న సీసా.
- [ ] శనగలు లేదా బొబ్బర్లు నానబెట్టి ఉడికించి, పూటకు సరిపడా డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్‌లో.
- [ ] నాలుగైదు గుడ్లు ఉడికించి, పెంకు తీయకుండా ఫ్రిజ్‌లో. మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.
- [ ] దోసె, ఇడ్లీ పిండి. శనివారానికి కావాలంటే గురువారం రాత్రి రుబ్బుకోవాలి.

ముందే చేసి పెట్టకూడనివీ ఉన్నాయి. ఉల్లిపాయలు రోజుల ముందు తరిగితే ఫ్రిజ్ అంతా వాసన, కూరలో చేదు. వంకాయ తరిగితే నల్లబడుతుంది. బెండకాయ మాత్రం ముందురోజు రాత్రి కడిగి, తడి పూర్తిగా ఆరాక తరిగి పెట్టుకోవచ్చు, మర్నాడు వేపుడు పొడిపొడిగా వస్తుంది.

## 5. ముప్పావు గంట ఎలా నడవాలి

ఏడింటికి మొదలుపెడితే ఏడూ ముప్పావుకి కంచాలు. పప్పు రోజు లెక్క ఇది.

6:30. ఇంట్లో పెద్దవాళ్లుంటే పప్పు, బియ్యం కడిగి నానబెట్టమని చెప్పండి. ఎవరూ లేకపోతే, రాగానే పప్పులో వేడినీళ్లు పోసి వదిలేసి కాళ్లు కడుక్కోండి.

7:00. కుక్కర్‌లో అడుగున ఒకటిన్నర గ్లాసు నీళ్లు, కింద గిన్నెలో పప్పు, పైగిన్నెలో బియ్యం. చోటుంటే అన్నిటికన్నా పైన చిన్న మూత గిన్నెలో ఆలుగడ్డో క్యారెట్టో. నానిన పప్పుకి మధ్యస్థ మంట మీద నాలుగు విజిల్స్, నానకపోతే ఐదారు.

7:05. రెండో పొయ్యి మీద వేపుడు పెట్టండి. ఉప్పు, కారం ఇప్పుడే వద్దు. మూత తీసే వేయించండి.

7:15. విజిల్స్ అయ్యాక కుక్కర్ దించి, ఆ పొయ్యి మీద ఆకుకూర మగ్గేస్తే సరి. ఈలోగా కీర, క్యారెట్ తరగండి. ఈ పని ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లెవరికైనా అప్పజెప్పవచ్చు, ఫోన్ చూస్తున్నవాళ్లైతే మరీ మంచిది.

7:25. వేపుడులో పిల్లల వాటా తీసి, మిగతా దానికి ఉప్పు, కారం. కుక్కర్ ఆవిరి దానంతట అది పోవాలి. గరిటెతో విజిల్ ఎత్తితే పప్పు చిమ్ముతుంది, సమయమూ పెద్దగా కలిసిరాదు.

7:32. పప్పు మెదపడం, రెండో అంచెలో చెప్పిన చోట్ల ఆగడం, పోపు.

7:40. ఆమ్లెట్ చివర్న. గుడ్డు పెనం వేరేగా ఉంటే గొడవే లేదు.

చపాతీలు కావాలంటే పిండి పొద్దునే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. ఏడింటికి పిండి కలపడం మొదలుపెడితే ముప్పావు గంట మాట మర్చిపోండి.

## 6. తినని పిల్లలకు ఏం చేయాలి

కంచంలో ఎప్పుడూ వాళ్లు తినే వస్తువు ఒకటి ఉండి తీరాలి. కందిపొడి నెయ్యి అన్నం కావచ్చు, ముద్దపప్పు కావచ్చు, పెరుగన్నం కావచ్చు. దాని పక్కన ఇంట్లో అందరూ తినే కూర, గోరంత. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల పని. అందులో ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది పిల్లల చేతుల్లో వదిలేయండి. కష్టంగానే ఉంటుంది, వదిలేయండి.

కొత్త కూర ఒకసారి తోసేస్తే "వీడికి ఇది పడదు" అని ముద్ర వేయకూడదు. పిల్లలు ఒక రుచికి అలవాటు పడటానికి పది, పదిహేను సార్లు ఎదురుపడాల్సి రావచ్చు. నోట్లో పెట్టకపోయినా కంచంలో ఉండటం, వేలితో ముట్టడం కూడా లెక్కే.

తినకపోవడానికి చాలాసార్లు కారణం వంటలో ఉండదు, గడియారంలో ఉంటుంది. ఆరింటికి బిస్కెట్లు, ఏడింటికి గ్లాసుడు పాలు తాగిన పిల్ల ఏడూ ముప్పావుకి ఏం తింటుంది? సాయంత్రం చిరుతిండి ఐదింటికల్లా అయిపోవాలి. పాలు తాగే అలవాటుంటే భోజనం తర్వాతకు జరపండి.

రుచి కంటే తీరు మీద పేచీ పెట్టే పిల్లలు ఎక్కువ. పులుసులో జారే బెండకాయను ఉమ్మేసినవాళ్లే కరకరలాడే వేపుడు కోసం కొట్టుకుంటారు. ఉడికిన క్యారెట్ తినని పిల్ల పచ్చిది కొరుకుతుంది. కాబట్టి కూరగాయ మార్చేముందు కోసే తీరు, వండే తీరు మార్చి చూడండి. కలిపి పెడితే తినని పిల్లలకు అన్నం, పప్పు, కూర ఒకదానికొకటి తగలకుండా గడుల కంచంలో పెట్టండి. పాలకూరని చపాతీ పిండిలో కలిపేయడం తప్పేం కాదు గానీ, దాచి పెట్టడం ఒక్కటే మార్గమైతే పాలకూర ఎలా ఉంటుందో వాళ్లకెప్పటికీ తెలియదు.

ఇక పెద్దవాళ్లతో ఒక ఒప్పందం. కంచం ముందు నుంచి లేచిన పది నిమిషాలకు "పాపం ఏమీ తినలేదు" అని నానమ్మ ఇచ్చే బిస్కెట్ ప్యాకెట్ ఈ శ్రమంతా నీళ్లపాలు చేస్తుంది. అత్తయ్యకి ఆ మాట మీరు చెబితే నిష్ఠూరం, మీవారు చెబితే సరదా. ఆయనతోనే చెప్పించండి. పడుకునే ముందు ఆకలంటే పెరుగన్నం గానీ అరటిపండు గానీ ఇస్తారని ఇంట్లో అందరికీ ఒకే మాట ఉండాలి.

పులిహోరలో, చట్నీ పొడుల్లో జాగ్రత్త: ఐదేళ్లలోపు పిల్లలకు వేరుశనగ గింజలు గింజలుగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పిల్లవాడు బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా, తినే రకాలు నెల నెలా తగ్గిపోతున్నా అది పేచీ అనుకోకండి, పిల్లల డాక్టరుకు చూపించండి.

## 7. షుగర్, బీపీ కంచం

వేరే వంట అక్కర్లేదు, వేరే వడ్డన కావాలి. కంచంలో సగం కూర, ఆకుకూర, పచ్చి ముక్కలు. పావు భాగం పప్పు, గుడ్డు, చేప, చికెన్‌లో ఒకటి. పావు భాగం అన్నమో చపాతీనో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాలు కూడా, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకుండా చూడమంటాయి. మన కంచంలో అది సులువుగా దాటిపోతుంది.

కొర్రలు, సామలు తెచ్చుకున్నంత మాత్రాన కొలత లేకుండా తినొచ్చని కాదు. వాటిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. పీచు అన్నం కంటే ఎక్కువ కాబట్టి మేలే, కానీ కొలత అన్నంలాగే. వండాలనుకుంటే రెండు గంటలైనా నానబెట్టి, కుక్కర్‌లో అన్నిటికన్నా పైన చిన్న గిన్నెలో అందరి అన్నంతో పాటే పెట్టేయండి.

ఉప్పు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అంటుంది, అంటే చిన్న చెంచాడు. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు పెడితే తగ్గించిందంతా తిరిగొస్తుంది. కూర చప్పగా ఉంటే నిమ్మరసం, వేయించిన జీలకర్ర పొడి, కొత్తిమీర వాడండి. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, బీపీకి కొన్ని రకాల మందులు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా దాన్ని ముట్టకూడదు.

ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లకు భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. అందరూ కూర్చునేదాకా ఆగమనకండి. వాళ్ల కంచమే ముందు.

## 8. ఒకే పొయ్యి మీద రెండు రకాలు

శాకాహారం ముందు వండి మూతపెట్టి, పొయ్యికి దూరంగా జరపండి. గుడ్డు, మాంసం తర్వాత. గరిటెలు వేరు, మూతలు వేరు. గరిటె పిడికి రంగు దారం కట్టుకుంటే వడ్డించే తొందరలో మారిపోవు. పచ్చి మాంసం కోసిన పీట మీద కూరగాయలు తరగొద్దు, ఇది మడి కోసం కాదు, కడుపు కోసం.

అలర్జీ ఉంటే ఈ జాగ్రత్త చాలదు. వేరుశనగ పడనివాళ్ల వంట మొదట, కడిగిన గిన్నెలో, కొత్త నూనెతో జరగాలి. గింజలు వేయించిన నూనెలో పోపు పెట్టి "గింజలు తీసేశాను కదా" అంటే కుదరదు.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, అప్పటికప్పుడు సర్దుబాట్లు

తీయడం మర్చిపోయి అంతటికీ కారం వేసేశారు. చప్పటి పప్పు ఒక గరిటె కలపండి, లేదా పెరుగు, నెయ్యి. గ్రేవీ అయితే కొబ్బరిపాలు లేదా నానబెట్టి రుబ్బిన జీడిపప్పు. పంచదార వేస్తే కూర తీపి కారం అవుతుంది.

ఉప్పు ఎక్కువైంది. ఆలుగడ్డ ముక్క వేస్తే ఉప్పు లాగేస్తుందని నమ్మొద్దు, అది పీల్చేది కొద్దిగా పులుసునే. ఉప్పులేని పప్పో, నీళ్లో, ఉడికిన కూరగాయ ముక్కలో కలిపి పరిమాణం పెంచడమే దారి. బీపీ ఉన్నవాళ్లకు ఆ రోజు చారు వద్దు, పెరుగు ఇవ్వండి.

పప్పు ఉడకలేదు. పాత పప్పో, ఉప్పునీళ్ల బోరు నీళ్లో, ముందే పులుపు వేయడమో కారణం. పులుపు పడితే పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది. వేడినీళ్లు పోసి ఇంకో మూడు విజిల్స్ పెట్టండి. అంతవరకు అన్నం, వేపుడుతో మొదలుపెట్టించండి.

బెండకాయ బంక సాగుతోంది. మూత తీసి, మంట పెంచి, గరిటె తక్కువగా తిప్పండి. రెండు చెంచాల శనగపిండి చల్లితే పొడిబారుతుంది.

పట్టిక రెండో వారానికే మూలపడింది. చట్రంలో ఏడు రోజులున్నా, ఏడింటికీ వంటకాల పేర్లు నింపేయడమే తప్పు. నాలుగు రోజులకు రాయండి. మిగతా మూడింటికి ఉన్నది సర్దుకోవడం, బయటి తిండి, చుట్టాల ఇల్లు ఎలాగూ ఉంటాయి.

## 10. ఏమీ చేయలేని రోజుకి

కరెంటు పోతుంది, బస్సు ఆలస్యమవుతుంది, తలనొప్పి వస్తుంది. అలాంటి రోజుకి ఒక అరని విడిగా ఉంచండి. మామూలు రోజుల్లో దాని జోలికి పోవద్దు.

- [ ] అటుకులు: కడిగి వార్చి, పోపు పెట్టి పది నిమిషాల్లో. ఉల్లి వేయకపోయినా బాగుంటుంది.
- [ ] పెసరపప్పు: నానకుండానే త్వరగా ఉడుకుతుంది, బియ్యంతో కలిపి పులగం.
- [ ] సేమ్యా లేదా రవ్వ, వేయించి పెట్టినది.
- [ ] పొడులు, నెయ్యి, ఒక పచ్చడి సీసా.
- [ ] ఫ్రీజర్‌లో ఉడికించిన శనగలు, ఒక డబ్బా టమాటా గ్రేవీ.
- [ ] గుడ్లు, పెరుగు, నిమ్మకాయలు.

మిగిలిన అన్నంతో నిమ్మకాయ పులిహోర కలిపినా ఒక పూట గడుస్తుంది. ఆ అన్నం వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లి ఉండాలి, మండే ఎండాకాలంలో గంటలోపే. గిన్నెడు వేడన్నం అలాగే పెడితే లోపల చల్లబడదు, వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆరబెట్టి పెట్టండి. తీశాక ఆవిరి వచ్చేదాకా ఒక్కసారే వేడిచేయాలి. రాత్రంతా పొయ్యి గట్టు మీద ఉన్న అన్నాన్ని మళ్లీ ఎంత వేడిచేసినా, చెడినప్పుడు పుట్టిన విషం పోదు. దాన్ని పారేయడమే.

మొదటి అంచెలో రాసిన కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, కార్తీకమాసం వచ్చినప్పుడు, డాక్టరు మందు మార్చినప్పుడు, పాప కొత్తగా ఏదైనా తిన్నప్పుడు దిద్దుకోండి. వారం మొదట్లో దాన్ని ఒకసారి చూసి, ఆ నాలుగు రోజుల చట్రంలో పేర్లు నింపి, సంతకు వెళ్లండి.